అంతర్జాలంలో స్త్రీ గౌరవం – యువకుల బాధ్యత

పాఠ్యభాగ ఉద్దేశం: సెల్‌ఫోను, అంతర్జాలం ద్వారా స్త్రీలమీద, బాలికలమీద జరుగుతున్న హింస స్వరూపాన్ని తెలుసుకోవడం, దానిని ఆపడంలో మగపిల్లలు నిర్వహించగల పాత్రను ఆలోచించడం ఈ పాఠం ఉద్దేశం.

తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయం ఒకప్పుడు మంచాల అనే చిన్న గ్రామం. 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి ఇక్కడ బృందావన ప్రవేశం చేసిన నాటినుంచి అది పుణ్యక్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. శ్రావణ బహుళ విదియనాటి ఆరాధనకు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రాంతాల నుంచి భక్తులు తండోపతండాలుగా వస్తారు. తెలుగు, కన్నడం రెండూ ఈ వీధుల్లో కలిసిమెలిసి వినిపిస్తాయి. మఠం వీధులు దాటి పల్లెలవైపు వెళితే దృశ్యం మారిపోతుంది. అక్కడ వాన మీద ఆశపెట్టుకున్న మెట్టచేలు కనిపిస్తాయి. పంట చేతికి రాని ఏడు మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల కుటుంబాలు ‘సుగ్గి’కి బయలుదేరుతాయి. గుంటూరు ప్రాంతపు మిరపచేలల్లో కాయ కోసి, నాలుగు రూపాయలు కూడబెట్టుకొని తిరిగి వస్తాయి. అంతవరకు ఇంటిదగ్గర ముసలివాళ్లు, చదువుకొనే పిల్లలు మిగులుతారు. దూరాన ఉన్న తల్లిదండ్రులకు, ఇంటికి నడుమ మాట అందించేది ఫోను ఒక్కటే.

ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా అంతర్జాలాన్ని వాడిన పురుషులు నూటికి 48.8 మంది. స్త్రీలు 21 మంది మాత్రమే. ఆ తరువాత ఫోన్లు మరింతగా వ్యాపించాయి. అయినా ఇంటికొక ఫోను ఉన్నచోట అది ముందుగా కొడుకు చేతికి చేరి, కూతురికి అరగంట అరువుగా లభించడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ తేడాను గుర్తుపెట్టుకొంటేనే తరువాతి విషయం అర్థమవుతుంది.

మన ఊళ్లలో రచ్చబండ ఉండేది. సాయంకాలం మగవాళ్లు అక్కడ చేరేవారు. ఆ దారిన నీళ్లకు వెళ్లే ఆడపిల్ల తల వంచుకొని, అడుగు వేగం పెంచి నడిచేది. ఎవరో ఒక మాట విసిరేవారు, నలుగురు నవ్వేవారు. అది కూడా అవమానమే. అయితే ఆ మాట ఆ పూటతో గాలిలో కలిసిపోయేది. పొరుగూరికి చేరేసరికి సగం మరుగునపడేది. ఈనాటి రచ్చబండ అరచేతిలో ఉంది. అక్కడ పడిన మాట చెరగదు, అక్కడ చేరిన బొమ్మ పాతబడదు. విసిరినవాడు నిద్రపోయిన తరువాత కూడా అది ఊరూరా తిరుగుతూనే ఉంటుంది. అవమానం పొందిన పిల్ల తల వంచుకొని ఎంత వేగంగా నడిచినా ఆ దారి దాటిపోలేదు.

ఈ హింస అనేక రూపాల్లో సాగుతుంది. వద్దన్నా వినకుండా సందేశాలు పంపడం, ఆమె పేరుతో దొంగ ఖాతా తెరవడం, ఫొటోను మార్చి అసభ్యంగా తయారుచేయడం, నమ్మి పంపిన చిత్రాన్ని బయటపెడతానని బెదిరించడం, ఫోన్ నంబరును అపరిచితుల గ్రూపుల్లో పడవేయడం ఇందులోకి వస్తాయి. కొందరు దీనిని ‘సరదా’ అంటారు. ఎవరికి సరదా అన్నది అడగవలసిన ప్రశ్న. ఒక్క గీత కూడా పడకుండా మనిషిని గాయపరిచే పద్ధతి కాబట్టి చూసేవారికి ఇది హింసగా తోచదు.

రాయలసీమ పల్లెల్లో దీని ఫలితం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంటర్మీడియట్ చదివే ఒక బాలిక ఫొటో ఎవరో మార్చి తరగతి గ్రూపులో పెట్టారనుకొందాం. విషయం ఇంట్లో తెలుస్తుంది. ముందుగా ఆమె చేతిలోని ఫోను లాగుకొంటారు. తరువాత కాలేజీ మాన్పిస్తారు. ఆ తరువాత ‘పరువు పోకముందే’ అంటూ సంబంధాలు వెదుకుతారు. పైన చెప్పిన సర్వేలోనే మరొక లెక్క ఉంది: మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల వయసు స్త్రీలలో నూటికి 29.3 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే వివాహం జరిగింది. అటువంటి సమాజంలో ఒక దొంగ ఫొటో ఒక చదువును ముగించగలదు. ఆ ఫొటో చేసినవాడు మాత్రం మరునాడు యథాప్రకారం బస్సెక్కి కాలేజీకి వస్తాడు.

ఈ భయం తెలిసిన బాలిక ఇంట్లో చెప్పదు. చెప్పదని తెలుసు కాబట్టే బెదిరించేవాడికి ధైర్యం. అతని బలం అతని చేతిలోని ఫొటోలో లేదు, ఆమె ఇంటివాళ్ల కోపంలో ఉంది. ‘చెల్లెలికి ఫోనెందుకు?’ అని అన్న కేకవేసిన ప్రతిసారీ, ముఖం చూపని ఒక దుర్మార్గుడికి అతడు తెలియకుండానే సాయపడుతున్నాడు. కాపాడటం పేరుతో కట్టివేయడం మన ఇళ్లలో ఎంత సహజమైపోయిందంటే, అది కూడా సమస్యలో భాగమేనని చాలామంది మంచి అన్నలకు తోచదు.

2023 నవంబరులో దేశమంతటా చర్చకు వచ్చిన ఒక సంఘటనను ఇక్కడ పరిశీలించాలి. సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని మరొక యువతి దేహానికి కృత్రిమ మేధ సాయంతో అతికించిన వీడియో సామాజిక మాధ్యమాల్లో వ్యాపించింది. ఇటువంటి వాటిని ‘డీప్‌ఫేక్’ అంటారు. ఆ రెండవ యువతి దేహాన్ని కూడా ఆమె అనుమతి లేకుండానే వాడుకొన్నారన్న సంగతి చాలామంది మరిచిపోయారు. ఢిల్లీ పోలీసులు అనేక ఖాతాలను పరిశీలించి, 2024 జనవరిలో ఒక యువకుణ్ణి అదుపులోకి తీసుకొన్నారు. అతడు మన గుంటూరు జిల్లావాడు, ఇంజనీరింగు చదివినవాడు. పోలీసులు చెప్పిన దాని ప్రకారం అతనికి రష్మిక మీద పగ ఏమీ లేదు. పైగా అతడు ఆమె అభిమాని, ఆమె పేరిట అభిమానుల పేజీ నడుపుతున్నాడు. ఆ పేజీని అనుసరించేవారి సంఖ్య పెంచుకోవడానికే వీడియో తయారుచేశాడట. రెండు వారాల్లో ఆ సంఖ్య 90 వేల నుంచి 1 లక్షా 8 వేలకు పెరిగిందట. దేశమంతా గగ్గోలెత్తగానే భయపడి వీడియో తొలగించి, పేజీ పేరు మార్చాడని కూడా పోలీసులు తెలిపారు.

ఈ వృత్తాంతంలో మనల్ని కలవరపెట్టవలసినది అతని సాధారణత్వమే. అతడు కరడుగట్టిన నేరస్థుడు కాడు. మన పక్క బెంచీలో కూర్చొనే కుర్రవాడివంటివాడు. అంకె పెరగాలనుకొన్నాడు, పెరిగింది. పెంచినవారెవరు? పదునెనిమిది వేలమంది కొత్తగా వచ్చి చేరారు. తయారుచేసినవాడు ఒకడు, చూసి పంచినవారు లెక్కలేనంతమంది. ఆ లెక్కలేనివారిలో చాలామందికి ఏ నోటీసూ రాలేదు. ఆ సమయంలో రష్మిక తన ఆవేదనను ప్రకటిస్తూ, తాను పాఠశాలలోనో కళాశాలలోనో చదువుకొనే రోజుల్లో ఇది జరిగి ఉంటే ఎలా ఎదుర్కొనేదాన్నో ఊహించలేకపోతున్నానని చెప్పారు. పేరు, ధనం, అండ ఉన్న నటి మాట అది. ఏదీ లేని కోసిగి పిల్ల సంగతి ఏమిటి?

పంచేవారి బాధ్యతను మన తెలుగునేలమీదనే అంతకుముందు ఒకరు గట్టిగా ప్రశ్నించారు. హైదరాబాదులోని ‘ప్రజ్వల’ సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్‌కు 2015లో వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార దృశ్యాలు చేరాయి. నేరం చేసినవాళ్లే నవ్వుతూ చిత్రీకరించిన దృశ్యాలవి. వాటిని చూసినవాళ్లు చూసి, మరొకరికి పంపి ఊరుకొన్నారు. సునీత ఒక విపరీతమైన పని చేశారు. బాధితుల ముఖాలను పూర్తిగా కప్పివేసి, నేరస్థుల ముఖాలు మాత్రం కనిపించేలా దృశ్యాలను మార్చి, వాళ్లను గుర్తించమని ప్రజలను కోరారు. అందుకు ప్రతిఫలంగా ఆమె కారుమీద రాళ్లు పడ్డాయి. ఆమె రాసిన లేఖను సుప్రీంకోర్టు తనంతట తాను కేసుగా స్వీకరించి, సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. అంతర్జాలంలో స్త్రీలమీద, పిల్లలమీద జరిగే నేరాలను ఇంటినుంచే ఫిర్యాదు చేయడానికి 2018లో వచ్చిన జాతీయ పోర్టల్‌కు ఆ కేసే మూలం. ఎవరి ముఖం దాచుకోవాలి, ఎవరి ముఖం బయటపడాలి అన్న ప్రశ్నను ఆమె తలకిందులు చేశారు. ముఖం దాచుకోవలసింది బాధితురాలేనన్నది మన సమాజంలో తరతరాలుగా వస్తున్న అలవాటు.

చట్టం సంగతి కొంత తెలుసుకొని ఉండాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ, 67, 67ఎ సెక్షన్లు ఒకరి ఆంతరంగిక చిత్రాలను, అశ్లీల దృశ్యాలను ప్రచురించడాన్ని, పంపడాన్ని నేరాలుగా ప్రకటించాయి. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ దారుణం తరువాత, 2013లో వెంటాడటం, చాటుగా చిత్రీకరించడం ప్రత్యేక నేరాలయ్యాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇవి 78, 77 సెక్షన్లు. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన స్త్రీని పదేపదే సంప్రదించడమే కాదు, ఆమె అంతర్జాల వాడకాన్ని నిఘా వేసి కనిపెట్టడం కూడా వెంటాడటం కిందికే వస్తుంది. మొదటిసారి నేరానికి మూడేళ్లవరకు శిక్ష ఉంది. డెబ్బైయేడవ సెక్షనుకు చేర్చిన వివరణ ఒకటి మీ వయసువారు తప్పక గుర్తుంచుకోదగినది: ఫొటో తీయడానికి ఒప్పుకొన్నంతమాత్రాన దానిని ఇతరులకు పంపడానికి ఒప్పుకొన్నట్లు కాదు. ‘తనే పంపింది కదా!’ అన్న వాదన అక్కడ నిలవదు. ఇంకొక సంగతి. మీ తరగతిలో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు. కాబట్టి మీ తోటి విద్యార్థిని ఆంతరంగిక చిత్రం చట్టం దృష్టిలో ఒక బాలిక చిత్రం. 2012 నాటి పోక్సో చట్టం దానికి వర్తిస్తుంది. అటువంటి దానిని తొలగించకుండా, అధికారులకు తెలియజేయకుండా దాచుకోవడం కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాని చట్టం గాయమైన తరువాత వచ్చే వైద్యుడివంటిది. గాయం కాకుండా చూడగలిగేది ఆ గదిలో, ఆ గ్రూపులో, ఆ క్షణంలో ఉన్నవాడు. అందుకే స్త్రీల సమస్యలో పురుషులను భాగస్వాములను చేసే ప్రయత్నాలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. 1989 డిసెంబరు 6న కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒక దుండగుడు ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశించి పద్నాలుగుమంది స్త్రీలను చంపాడు. ఆ తరువాత 1991లో అక్కడి పురుషులే ‘వైట్ రిబ్బన్’ ఉద్యమాన్ని ప్రారంభించారు. స్త్రీలమీద హింస చేయము, చేస్తే చూస్తూ ఊరుకోము అనే ప్రతిజ్ఞకు చిహ్నంగా తెల్ల రిబ్బను ధరించేవారు. మనదేశంలో 1993లో ముంబాయిలో ఏర్పడిన ‘మావా’ అనే పురుషుల సంఘం కళాశాల యువకుల మధ్య పనిచేస్తూ వచ్చింది. ‘పరివర్తన్’ అనే కార్యక్రమం అదే నగరంలో క్రికెట్ శిక్షకుల ద్వారా మగపిల్లలకు స్త్రీల పట్ల గౌరవాన్ని నేర్పింది. ఉపన్యాసం చెప్పే ఉపాధ్యాయుని కంటె బంతి విసరడం నేర్పే గురువు మాట కుర్రవాడి చెవికి త్వరగా ఎక్కుతుందని వారు గ్రహించారు. 2008లో ‘బ్రేక్‌త్రూ’ సంస్థ చేపట్టిన ‘బెల్ బజావో’ ప్రచారం ఇంకా సులభమైనది. పొరుగింట్లో భార్యను కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి గంట మోగించండి, అంతే. ఏదో ఒక సాకు చెప్పి, గుప్పెడు పంచదార అడిగినా చాలు. బయట ఒకడు వింటున్నాడని తెలిస్తే కొట్టే చేయి ఆగుతుంది.

మనకు ఇది కొత్త పాఠమూ కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. ఆయనకు అండగా నిలిచినవారిలో కళాశాల విద్యార్థులున్నారు. వారిది మీ వయసే, లేదా మీకంటె రెండు మూడేళ్లు పెద్ద. వెలివేస్తారని తెలిసి కూడా వచ్చి నిలబడ్డారు. ఆ పెళ్లితో వారికి ఒరిగేదేమీ లేదు.

ఈనాటి విద్యార్థికి వెలి భయం మరొక రూపంలో ఉంది. రాత్రి తొమ్మిది గంటలకు తరగతి గ్రూపులోకి ఒక బొమ్మ వస్తుంది. నలభైమంది చూస్తారు. ఇద్దరు నవ్వే బొమ్మలు పెడతారు. ముగ్గురు పక్క గ్రూపులకు పంపుతారు. మిగిలిన ముప్పైయైదుమందిలో చాలామందికి మనసులో బాధగానే ఉంటుంది. అయినా మాట్లాడరు. మాట్లాడితే ‘నీకెందుకురా? నీ చెల్లెలా? గాజులు తొడుక్కో’ అంటారని భయం. ఒక్కొక్కడూ మిగతావారందరికీ ఇది ఇష్టమేనని అనుకొంటాడు. ముప్పైయైదుగురి మౌనం కలిసి, పంపినవాడికి సమ్మతిగా వినిపిస్తుంది. ఆ సమయంలో ‘ఇది తీసెయ్ రా, బాగాలేదు’ అన్న ఒక్క మాట వస్తే రెండవ మాట రావడం సులభమవుతుంది. అందరిముందు అనలేకపోతే పంపినవాడికి విడిగా ఫోను చేసి చెప్పవచ్చు. స్నేహితుడు చెప్పిన మాటకు ఉన్న విలువ పోలీసు చెప్పిన మాటకు ఉండదు.

‘నీ చెల్లెలా?’ అన్న ప్రశ్నకు మన పెద్దలు నేర్పిన జవాబు, ‘పరస్త్రీలందరూ అక్కచెల్లెళ్లే’ అని. ఆ మాటలో సద్భావం ఉంది, కాదనలేము. అయినా అది చాలదని చెప్పక తప్పదు. ఎవరికీ చెల్లెలు కాకపోయినా, మన ఊరిది కాకపోయినా, మనకు నచ్చని దుస్తులు ధరించినా, మన ప్రేమను నిరాకరించినా ఆ స్త్రీ గౌరవానికి లోటు రాకూడదు. నిరాకరణ దగ్గరనే చాలా కథలు దారి తప్పుతున్నాయి. కాదన్న నాయిక వెంటబడి వెంటబడి చివరకు ఒప్పించిన కథానాయకుణ్ణి మన తెలుగు సినిమా దశాబ్దాలుగా ఈలలతో సత్కరిస్తూ వచ్చింది. ఇప్పుడు అదే పని ఫోనులో చేస్తే న్యాయసంహిత డెబ్బైయెనిమిదవ సెక్షను కిందికి వస్తుంది. కాదనిపించుకోవడం బాధాకరమే. ఆ బాధను స్నేహితుడితో చెప్పుకొని ఏడవడం మగతనానికి తక్కువని నేర్పినందువల్లనే కొందరు దానిని పగగా మార్చుకొంటున్నారు.

మగపిల్లలు కూడా ఈ వలలో పడుతున్నారు. తెలియని స్త్రీ పేరుతో స్నేహం చేసి, వీడియో కాల్ చేయించి, దానిని చిత్రీకరించి డబ్బు గుంజే ముఠాలున్నాయి. వలలో పడిన కుర్రవాడు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతాడు. ఆ కుమిలిపోవడం ఎటువంటిదో తెలిసినవాడు, ఆడపిల్లకు దానికి తోడు చదువు పోయే భయం కూడా ఉంటుందని ఊహించగలగాలి.

ఇక ఆచరణ విషయం. ఎవరి ఆంతరంగిక చిత్రమైనా మీ ఫోనుకు చేరితే దానిని రుజువు కోసమని కూడా ఎవరికీ పంపకూడదు. ఎవరు, ఏ నంబరునుంచి, ఏ గ్రూపులో, ఏ సమయానికి పెట్టారో కాగితంమీద రాసుకొని, వెంటనే ఫిర్యాదు చేసి, దానిని తొలగించాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల అశ్లీల దృశ్యాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. సైబర్ నేరాలకు 1930, స్త్రీల సహాయానికి 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2025లో ‘శక్తి’ అనే యాప్‌ను కూడా ప్రవేశపెట్టారు. చిత్రం ఇంకా వ్యాపించకముందే అడ్డుకొనే మార్గం కూడా ఒకటి ఉంది. ‘స్టాప్ ఎన్.సి.ఐ.ఐ.’ అనే సేవ 2021లో పెద్దలకోసం, ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ 2023లో పద్దెనిమిదేళ్లలోపు వారికోసం ఏర్పడ్డాయి. వేలిముద్ర మనిషిని పట్టి ఇచ్చినట్లు, చిత్రానికి కూడా ఒక సంఖ్యాముద్ర తయారవుతుంది. చిత్రం ఫోను దాటి ఎక్కడికీ పోదు, ఆ ముద్ర మాత్రమే పోతుంది. ఈ ఏర్పాటులో చేరిన సంస్థలు తమ వేదికలమీద ఆ ముద్రకు సరిపోయే చిత్రం కనిపిస్తే తొలగిస్తాయి. వేధింపునకు గురైన పిల్లకు ఇది తెలియకపోవచ్చు. తెలిసిన సహాధ్యాయి ఎవరైనా చెప్పవచ్చు.

అయితే సాయం చేయాలన్న ఉత్సాహంలో ఆమెను అడగకుండా వాళ్లింటికి వెళ్లి చెప్పడం, పంపినవాణ్ణి పదిమంది కలిసి కొట్టడం తగదు. మొదటిది ఆమె చదువుకు ముప్పు తేవచ్చు. రెండవది కేసును ఆమె చేతిలోనుంచి మీ చేతిలోకి లాగుకోవడమే. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమెనే అడగాలి. ఆమెకు నమ్మకమైన అధ్యాపకురాలు ఒకరు ఉంటారు, లేదా సుగ్గికి వెళ్లిన తల్లి ఉంటుంది. మిరపచేనులో ఉన్న ఆ తల్లికి మొదటి ఫోను పోలీసునుంచో, నవ్వే బంధువునుంచో కాక కూతురినుంచే అందితే, ఆ ఇంట్లో తరువాతి మాటలు వేరుగా ఉంటాయి.

ఆమె తిరిగి తరగతికి వచ్చే రోజు ఒకటి ఉంటుంది. ఆనాడు గుసగుసలు వినిపిస్తాయేమోనని గుమ్మం దగ్గర ఆమె ఒక క్షణం నిలుస్తుంది. ఏమైందని అడగనక్కరలేదు, జాలిగా చూడనక్కరలేదు. ఆమె రాని వారంరోజుల్లో చెప్పిన పాఠాల నోట్సు ఎవరైనా ముందే రాసి ఉంచితే చాలు.

అభ్యాసం

1. రచ్చబండకు, వాట్సాప్ గ్రూపుకు గల పోలికను, భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘కాపాడటం పేరుతో కట్టివేయడం’ అన్న మాటను మీ ఊరి అనుభవంతో చర్చించండి.
3. సునీతా కృష్ణన్ చేసిన పనిని రచయిత ‘విపరీతమైన పని’ అని ఎందుకన్నారు?
4. మీ తరగతి గ్రూపునకు మీరే నియమాలు రాయవలసివస్తే ఏవి రాస్తారు? విద్యార్థినీ విద్యార్థులు కలిసి చర్చించి రాయండి.